నల్ల తెర మీద హీబ్రూ

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో నా లినక్స్ కంప్యూటర్‌లో నల్ల తెర తీసి హీబ్రూ ఫైల్ చూపిస్తే అన్నీ డబ్బాలే వచ్చాయి. "డెస్క్‌టాప్‌లో బాగానే కనపడింది కదా తాతయ్యా, ఇక్కడేమైంది?" అని అడిగారు. అప్పటికే మీ బస్సుకి టైమైపోయింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ నల్ల తెరని కన్సోల్ అంటారు. డెస్క్‌టాప్ ఫాంట్లు దానికి పనికిరావు. దాని ఫాంట్ దానిదే. అందులో గడికో అక్షరం చొప్పున 256 గళ్ళు, మహా అయితే 512. హీబ్రూకి అక్షరాలు 22, పదం చివర రూపం మారేవి మరో 5. అంటే 27 గళ్ళు చాలు. డెబియన్ అనే రకం లినక్స్‌లో 'కన్సోల్-సెటప్' అనే ప్యాకేజీని మళ్ళీ కాన్ఫిగర్ చేసి, అక్షరాల పట్టికలో హీబ్రూ ఎంచుకుంటే ఫాంట్ పని అయిపోతుంది.

కీబోర్డు సంగతి వేరే. దానికి 'కీబోర్డ్-కాన్ఫిగరేషన్' ఉంది. ఇంగ్లీషు పక్కన ఇజ్రాయెల్ లేఅవుట్ చేర్చి, ఆల్ట్-షిఫ్ట్ నొక్కితే మారేట్టు పెట్టుకోండి. ఇంగ్లీషు మాత్రం తీసెయ్యకండి, కమాండ్లన్నీ దాంతోనే కొట్టాలి. పాస్‌వర్డ్ అడిగేటప్పుడు తెర మీద ఏమీ కనపడదు కాబట్టి, కీబోర్డు హీబ్రూలో ఉండిపోతే ఎన్నిసార్లు కొట్టినా తప్పే అంటుంది. టెన్షన్ పడకుండా ఒకసారి ఆల్ట్-షిఫ్ట్ నొక్కి చూడండి.

ఇప్పుడు 'షాలోమ్' కొట్టండి. వరసగా ఏ, కే, యు, ఓ మీటలు. షీన్, లామెద్, వావ్, మేమ్ వస్తాయి. కానీ మనకి అలవాటైన ఎడమ నుంచి కుడికి వస్తాయి. హీబ్రూ చదివేవాళ్ళు కుడి నుంచి మొదలుపెడతారు కదా, వాళ్ళకి ముందు తగిలేది మేమ్. అదీ పదం చివర మాత్రమే వచ్చే, నాలుగు వైపులా మూసుకున్న మేమ్! మొదట్లోనే దాన్ని చూస్తే పదం తిరగబడిందని వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. దిక్కు మార్చడం కన్సోల్‌కి రాదు. ఫైల్‌ని 'ఫ్రిబిడి' అనే ప్రోగ్రాం గుండా పంపితే సరైన వరసలో చూపిస్తుంది. రాసుకోవడానికైతే విమ్ ఎడిటర్‌లో కుడి నుంచి ఎడమకి రాసే ఏర్పాటుంది.

మరి తెలుగో అంటారా? నాకు బాధ కలిగించేది అదే. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో కంప్యూటర్ లెక్కన ఆరు సంకేతాలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని కలిపి ఒత్తులు కిందా పక్కనా పేర్చాలి. కన్సోల్ మాత్రం దేని గడిలో దాన్ని విడివిడిగా పెడుతుంది. హీబ్రూ అక్షరాలు ఒకదానితో ఒకటి అతుక్కోవు కాబట్టి ఆ గళ్ళలో ఇమిడిపోయాయి.

ఇట్లు,
మీ తాతయ్య