యూఎస్ఏ స్విమ్మింగ్: పెద్దదిక్కు లేని ఏడాది, దాని వెనక కథ

2025 ఆగస్టులో యూఎస్ఏ స్విమ్మింగ్ తన కొత్త సీఈవోగా కెవిన్ రింగ్ పేరు ప్రకటించింది. అప్పటికి ఆ కుర్చీలో పూర్తిస్థాయి అధికారి లేక దాదాపు ఏడాది అయింది. ప్రపంచంలో ఈత పతకాలు అన్నిటికంటే ఎక్కువ గెలిచిన దేశం, ఆ ఆటను నడిపే సంస్థకు ఒక మనిషిని వెతుక్కోవడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది? ఈ ప్రశ్నకు జవాబు ఆ ఒక్క ఏడాదిలో దొరకదు, చాలా వెనక్కి వెళ్లాలి.

ముందు ఆ ఏడాది సంగతి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాళ్లు 28 పతకాలు తెచ్చారు. అందులో బంగారం 8. వేరే ఏ దేశానికైనా పండగే. కానీ 1988 సియోల్ తర్వాత అమెరికాకు ఇంత తక్కువ బంగారు పతకాలు ఎప్పుడూ రాలేదు. రియోలో 16, టోక్యోలో 11, పారిస్‌లో 8. ఆస్ట్రేలియాకు 7 వచ్చాయి. చివరి రోజు 1500 మీటర్లలో బాబీ ఫింకె ప్రపంచ రికార్డుతో గెలిచి, నలుగురు నాలుగు రకాల ఈతలు ఈదే మెడ్లే రిలేలో మహిళల జట్టు కూడా రికార్డుతోనే గెలవబట్టి అమెరికా పైన నిలిచింది గానీ, లేకపోతే పట్టికలో మొదటి స్థానం చేజారేదే. పురుషుల మెడ్లే రిలేలోనైతే, తను పాల్గొన్న ఏ ఒలింపిక్స్‌లోనూ ఓడని అమెరికా మొదటిసారి చైనా చేతిలో ఓడింది.

ఆ పోటీలు ముగిసిన కొద్ది రోజులకే సీఈవో టిమ్ హించీ తప్పుకుంటున్నట్టు ప్రకటన వచ్చింది. ఆయన 2017 నుంచి ఆ పదవిలో ఉన్నారు. కొన్ని వారాలకు జాతీయ జట్టు బాధ్యతలు చూసే లిండ్సే మింటెంకో కూడా వెళ్లిపోయారు. ఆమె 2000, 2004 ఒలింపిక్స్‌లో రిలే బంగారు పతకాలు గెలిచిన ఈతగత్తె. ఆఫీసు నడిపే మనిషి, జట్టు నడిపే మనిషి ఇద్దరూ ఒకే కాలంలో లేకుండా పోయారు. షానా ఫెర్గుసన్ తాత్కాలిక సీఈవోగా వచ్చారు.

విచిత్రం ఏమిటంటే నీళ్లలో మాత్రం ఏ లోటూ కనపడలేదు. 2024 డిసెంబరులో బుడాపెస్ట్‌లో జరిగిన షార్ట్ కోర్స్ (25 మీటర్ల పూల్) ప్రపంచ పోటీల్లో గ్రెచెన్ వాల్ష్ ఒక్కతే 7 బంగారు పతకాలు గెలిచింది. 2025 మే 3న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో కేటీ లెడెకీ 800 మీటర్ల ఫ్రీస్టయిల్‌ను 8 నిమిషాల 4.12 సెకన్లలో ఈది, రియోలో తను పెట్టిన రికార్డును దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత తనే బద్దలు కొట్టింది. అదే రోజు వాల్ష్ 100 మీటర్ల బటర్‌ఫ్లయ్ రికార్డును పొద్దున ఒకసారి, సాయంత్రం ఇంకోసారి తిరగరాసి 54.60కి తెచ్చింది. అదే కాలంలో ఆ ఆటను నడిపే సంస్థకు పూర్తిస్థాయి సీఈవో లేరు.

ఎందుకు లేరంటే, ఫిబ్రవరిలో ఒకరి పేరు ప్రకటించారు. ఆమె బాధ్యతలు తీసుకోకముందే, కొద్ది రోజుల్లో ఆ నియామకం ఆగిపోయింది. క్రీడల్లో వేధింపుల ఫిర్యాదులు విచారించే సేఫ్‌స్పోర్ట్ సెంటర్‌లో ఆమెకు సంబంధించిన ఒక ఫిర్యాదు ఉందని వార్తలొచ్చాయి. ఫిర్యాదు ఉన్నంత మాత్రాన తప్పు రుజువైనట్టు కాదు. అందుకే ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. నా ప్రశ్న ఆమె గురించి కాదు, ఎంపిక చేసినవాళ్ల గురించి. ఇంత పెద్ద సంస్థ నెలల తరబడి వెతికి, పేరు ప్రకటించాక గానీ ఈ విషయం ఎందుకు బయటపడింది? ఇంకే సంస్థలో జరిగినా పొరపాటు అని వదిలేయొచ్చేమో. యూఎస్ఏ స్విమ్మింగ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఆ సంస్థ ఎలా పుట్టిందో, ఎవరి డబ్బుతో నడుస్తోందో చూడాలి.

1970ల వరకు అమెరికాలో ఈత సహా అనేక ఆటలను అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ అనే ఒకే సంస్థ నడిపేది. అది 1888లో పుట్టింది. కాలేజీల క్రీడా సంఘంతో దానికి ఎప్పుడూ గొడవే. మధ్యలో నలిగిపోయింది ఆటగాళ్లు. దీన్ని సరిదిద్దడానికి ప్రెసిడెంట్ ఫోర్డ్ కాలంలో ఒక కమిషన్ వేశారు. దాని ఫలితంగా 1978లో అమెచ్యూర్ స్పోర్ట్స్ చట్టం వచ్చింది. ఒక్కో ఆటకు ఒక్కో సొంత సంస్థ ఉండాలన్నది చట్టం. అలా ఈత విడిపోయి కొలరాడో స్ప్రింగ్స్‌లో కుదురుకుంది. డైవింగ్, వాటర్ పోలో, ఆర్టిస్టిక్ స్విమ్మింగ్‌లకు వేరే సంస్థలున్నాయి.

మనకు ముఖ్యమైంది డబ్బు సంగతి. మన దగ్గర క్రీడా సమాఖ్యలు శిక్షణకైనా, పోటీలకైనా కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ గ్రాంటు కోసం చూస్తాయి. అమెరికాలో ప్రభుత్వం నేరుగా అలా ఇవ్వదు. స్పాన్సర్లు, టీవీ, ఒలింపిక్ కమిటీ ఇచ్చేది ఒక పక్క, సభ్యత్వ రుసుము ఇంకో పక్క. దేశాన్ని 59 స్థానిక కమిటీలుగా విభజించారు. వాటి కింద వేల క్లబ్బులు, నాలుగు లక్షలకు అటూ ఇటూగా సభ్యులు. అందులో ఎక్కువ మంది పిల్లలే. ఒలింపిక్ జట్టులో చోటు దొరికేది యాభై మందికి. సంస్థను నిలబెట్టేది మాత్రం ఆ చోటు ఎప్పటికీ రాని లక్షల మంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు.

ఆ తల్లిదండ్రుల్లో మనవాళ్లూ ఉన్నారు. టెక్సస్‌లో ఫ్రిస్కో, న్యూజెర్సీలో ఎడిసన్ లాంటి తెలుగువాళ్లు ఎక్కువున్న ఊళ్లలో శనివారం పొద్దున స్విమ్ మీట్‌కు వెళ్తే ఇది తెలుస్తుంది. లోపల ఉక్కపోత, క్లోరిన్ వాసన. పిల్లల చేతుల మీద మార్కర్ పెన్‌తో ఈవెంట్, హీట్, లేన్ నంబర్లు రాసి ఉంటాయి, పేరు పిలిచేటప్పటికి తడబడకుండా. లేన్ చివర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేది జీతగాళ్లు కాదు, వాలంటీర్లుగా వచ్చిన అమ్మానాన్నలే. ఆ ఆట అంతా వాళ్ల నమ్మకం మీద నడుస్తోంది. తెల్లవారుజామున పిల్లను కోచ్‌కు అప్పగించి ఆఫీసుకు పోయే నమ్మకం అది.

ఆ నమ్మకం 2010లో దెబ్బతింది. ఆ జనవరిలో కాలిఫోర్నియాలో ఒక ఈత కోచ్‌కు పిల్లల మీద లైంగిక నేరాలకు 40 ఏళ్ల జైలు శిక్ష పడింది. ఏప్రిల్‌లో ఏబీసీ టీవీ ఈ విషయం మీద కథనం ప్రసారం చేసింది. అందులో అప్పటి అధిపతి చక్ వీల్గస్, బాధితులకు క్షమాపణ చెబుతారా అంటే చెప్పలేదు. వీల్గస్ చిన్న మనిషి కాదు. 1997లో వచ్చి సంస్థను డబ్బులోనూ పేరులోనూ ఎక్కడికో తీసుకెళ్లాడు. ఒమాహాలో బాస్కెట్‌బాల్ ఆడే ఇండోర్ స్టేడియం మధ్యలో తాత్కాలిక పూల్ కట్టి ఒలింపిక్ ట్రయల్స్‌ను పండగలా మార్చింది ఆయన కాలంలోనే. 2008 బీజింగ్‌లో ఫెల్ప్స్ 8 బంగారు పతకాలు గెలిచాక పిల్లలు క్లబ్బులకు క్యూ కట్టారు. సంస్థ తన విలువను పతకాల్లో, టీవీ ప్రేక్షకుల్లో కొలుచుకునే అలవాటు అక్కడే గట్టిపడిందని నా అభిప్రాయం. ఆ కొలతలో క్లబ్బులో ఏడుస్తున్న పదమూడేళ్ల పిల్ల కనపడదు.

ఆ టీవీ కథనం తర్వాత సంస్థ శాశ్వతంగా నిషేధించిన వాళ్ల జాబితాను బయటపెట్టింది. మొదటిసారే అందులో 46 పేర్లున్నాయి. అంటే ఆ పేర్లు ముందు నుంచీ లోపల తెలుసు, పిల్లల్ని పంపే ఇళ్లకే తెలియదు. ఆ ఏడాదే పిల్లల భద్రత కోసం సంస్థ సొంతంగా సేఫ్ స్పోర్ట్ కార్యక్రమం మొదలుపెట్టింది. వీల్గస్ క్షమాపణ రాతపూర్వకంగా చెప్పింది 2014లో, అదీ ఆయన్ను అంతర్జాతీయ స్విమ్మింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చబోతే బాధిత మహిళలు గట్టిగా అడ్డుపడి, ఆ గౌరవం వెనక్కి పోయిన రోజుల్లో. నాలుగేళ్లు పట్టింది. 2017లో ఆయన చనిపోయారు.

ఆ తర్వాతైనా తెరపడిందా అంటే లేదు. 2018 ఫిబ్రవరిలో ఆరెంజ్ కౌంటీ రిజిస్టర్ పత్రిక పరిశోధన బయటికొచ్చింది. 1997 నుంచి కనీసం 252 మంది కోచ్‌లు, అధికారులు మైనర్ల మీద లైంగిక వేధింపుల విషయంలో అరెస్టయ్యారు లేదా కేసులకు, సంస్థ చర్యలకు గురయ్యారని, బాధితులు కనీసం 590 మంది అని ఆ పత్రిక లెక్కగట్టింది. ఆ నెలలోనే మాజీ ప్రపంచ చాంపియన్ అరియానా కుకర్స్, తన కోచ్ చిన్నతనం నుంచే తనను వేధించాడని బహిరంగంగా చెప్పింది. సంస్థలో పిల్లల భద్రత చూసే విభాగం డైరెక్టరే రాజీనామా చేయాల్సి వచ్చింది. అప్పటికి హించీ పదవిలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు.

జిమ్నాస్టిక్స్‌లో బయటపడ్డ లైంగిక వేధింపుల ఘోరాల వేడిలో అదే ఫిబ్రవరిలో కొత్త చట్టం వచ్చింది. 2017లో డెన్వర్‌లో మొదలైన సేఫ్‌స్పోర్ట్ సెంటర్‌కు ఫిర్యాదులు విచారించే అధికారం చట్టబద్ధమైంది. దాని వల్ల వచ్చిన నియమాలు ఇవాళ ప్రతి క్లబ్బులోనూ కనిపిస్తాయి. కోచ్ మైనర్‌కు ఒంటరిగా మెసేజ్ పంపకూడదు, తల్లిదండ్రుల్లో ఒకరినో ఇంకో పెద్దవాళ్లనో అందులో కలపాలి. ఒక పిల్లతో విడిగా మాట్లాడాలన్నా పక్కవాళ్లకు కనపడే చోటే మాట్లాడాలి. బట్టలు మార్చుకునే గదిలో ఫోన్‌తో ఫొటోలు తీయకూడదు. చదవడానికి చిన్న విషయాలు. ఒక్కో నియమం వెనక ఒక్కో పిల్ల బతుకు ఉందని గుర్తుపెట్టుకుంటే అవి చిన్నవి అనిపించవు.

ఇప్పుడు 2025 ఫిబ్రవరిలో ఆగిపోయిన ఆ సీఈవో నియామకం ఎందుకంత దెబ్బో అర్థమవుతుంది. కోచ్‌ల గతాన్ని జల్లెడ పట్టమని వేల క్లబ్బులకు చెప్పే సంస్థ తన అధిపతి విషయంలో ఆ పని సమయానికి చేయలేకపోయింది.

పతకాల సంగతి వేరే దారిలో నడిచింది. 2022 బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో అమెరికాకు 17 బంగారు పతకాలు, మొత్తం 45. మరుసటేడు ఫుకువోకాలో మొత్తం 38 వచ్చినా బంగారం 7 మాత్రమే, ఆస్ట్రేలియాకు 13. అంటే దిగజారుడు పారిస్‌కు ముందే కనిపించింది. అందులో ఎంత వాటా సంస్థది? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. అమెరికాలో పెద్ద ఈతగాళ్లను తయారు చేసేది క్లబ్బులు, ఆ తర్వాత కాలేజీలు. యూఎస్ఏ స్విమ్మింగ్ చేతిలో జాతీయ జట్టు ఉండేది ఏడాదిలో కొన్ని వారాలే. పారిస్‌లో నాలుగు వ్యక్తిగత బంగారు పతకాలు గెలిచిన ఫ్రెంచ్ కుర్రాడు లియోన్ మర్షాన్ కూడా అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో, ఫెల్ప్స్ కోచ్ బాబ్ బౌమన్ దగ్గర తయారైనవాడే. అమెరికా కాలేజీలు ప్రపంచానికంతటికీ చాంపియన్లను తయారు చేస్తున్నాయి. దానికి తోడు 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలు క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించొచ్చు, జట్లలో సంఖ్యకు పరిమితి కూడా వచ్చింది. ఫుట్‌బాల్‌లా డబ్బు తేని ఈత లాంటి ఆటల మీద కత్తి వేలాడుతోందన్న భయం కోచ్‌లలో ఉంది.

ఇంత టెన్షన్ మధ్య జట్టు 2025 జులైలో ప్రపంచ పోటీలకు సింగపూర్ వెళ్లింది. దానికి ముందు థాయ్‌లాండ్‌లో శిక్షణ శిబిరం పెడితే అక్కడ చాలామందికి కడుపు జబ్బు పట్టుకుంది. మొదటి రోజుల్లో పతకాలు తగ్గగానే విమర్శల వాన కురిసింది. సమాధి రాయి మీద అమెరికా స్విమ్మింగ్ పేరున్న బొమ్మను మాజీ ఒలింపిక్ చాంపియన్ రయన్ లోక్టీ సోషల్ మీడియాలో పెట్టాడు, ఫెల్ప్స్ దాన్ని పంచుకుని సంస్థకు ఇదొక మేలుకొలుపు కావాలన్న అర్థంలో రాశాడు. జ్వరంతో, నీరసంతో నీళ్లలో దిగుతున్న పిల్లలు అది చూసి ఎంత నొచ్చుకుని ఉంటారో! ఫెల్ప్స్ కోపం నాయకత్వం మీదే కావచ్చు, తర్వాత ఆయన వివరంగా రాసింది కూడా దాని గురించే. కానీ ఆ బొమ్మ తగిలింది ఈదేవాళ్లకు. చివరికి జట్టు 9 బంగారు పతకాలతో, మొత్తం 29తో, ఒక్క బంగారం తేడాతో ఆస్ట్రేలియా కంటే పైన నిలిచింది. 800 మీటర్లలో లెడెకీ, ఆస్ట్రేలియా అమ్మాయి లానీ పాలిస్టర్, కెనడా కుర్రది సమ్మర్ మెకింటాష్ చివరి దాకా నువ్వా నేనా అన్నట్టు ఈదారు. లెడెకీ 8:05.62తో గెలిచింది, పాలిస్టర్ వెనకబడింది 0.36 సెకన్లే.

అప్పటికి జాతీయ జట్టు డైరెక్టర్‌గా స్టాన్‌ఫర్డ్ కోచ్ గ్రెగ్ మీహన్ వచ్చారు. ఆగస్టులో కెవిన్ రింగ్ పేరు ఖాయమైంది. ఆయన గోల్ఫ్ సంస్థ పీజీఏ ఆఫ్ అమెరికాలో వ్యాపార విభాగం చూసిన మనిషి. ఆదాయం పెంచే మనిషినే బోర్డు మళ్లీ ఎంచుకుంది. అది తప్పని అనను. 2028 లాస్ ఏంజెలెస్‌లో ఈత పోటీలు సోఫై స్టేడియంలో 38,000 మంది ముందు జరుగుతాయి. బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లయ్‌లలో 50 మీటర్ల పోటీలు ఒలింపిక్స్‌లో మొదటిసారి పెడుతున్నారు. సొంత గడ్డ మీద ఆటకు డబ్బు, జనం రావాల్సిన సమయం ఇది. నా భయం ఒకటే, వీల్గస్ కాలంలోనూ డబ్బు, జనం రెండూ వచ్చాయి.

పైగా పిల్లల ఫిర్యాదులు వినాల్సిన సేఫ్‌స్పోర్ట్ సెంటర్ పరిస్థితి కూడా అంతంత మాత్రమే. అక్కడ పనిచేసిన ఒక మాజీ పోలీసు ఇన్వెస్టిగేటరే తీవ్ర నేరారోపణలతో అరెస్టవడం, ఆ గొడవలో 2025 ఏప్రిల్‌లో దాని సీఈవో పదవి పోవడం జరిగాయి. ఆ నెలల్లో ఈత సంస్థకూ, దాని మీద ఫిర్యాదులు విచారించే సంస్థకూ రెండిటికీ పూర్తిస్థాయి అధిపతి లేరు. విచారణలు ఏళ్ల తరబడి సాగుతున్నాయన్న ఆరోపణ ఫిర్యాదుదారుల నుంచీ, ఆరోపణలు ఎదుర్కొన్నవాళ్ల నుంచీ వస్తూనే ఉంది.

ఇది అమెరికా గొడవ అని మనం ఊరుకోలేం. 2019 సెప్టెంబరులో గోవాలో పనిచేస్తున్న ఒక ఈత కోచ్ పదిహేనేళ్ల బాలికను వేధిస్తున్న వీడియో బయటపడితే, దేశంలో ఎక్కడా అతనికి పని ఇవ్వొద్దని స్విమ్మింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా చెప్పింది, అరెస్టూ జరిగింది. అది బయటపడింది వీడియో ఉండబట్టి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టంలో క్రీడాకారుల భద్రతకు సేఫ్ స్పోర్ట్స్ విధానం ఉండాలని రాశారు. గచ్చిబౌలి పూల్‌కో, విజయవాడలో క్లబ్బుకో పిల్లల్ని పంపేవాళ్లు ఇక ఆ విధానం ఎక్కడుందని అడగొచ్చు, కోచ్‌ల మీద చర్యల జాబితా చూపించమని కూడా అడగొచ్చు. అమెరికాలో సేఫ్‌స్పోర్ట్ సెంటర్ వెబ్‌సైట్‌లో కోచ్ పేరు టైప్ చేస్తే అతని మీద నిషేధమో, ఆంక్షో ఉంటే కనిపిస్తుంది. మీట్‌కు పేరు కట్టే ముందు ఆ ఒక్క నిమిషం పని చేయమని ఫ్రిస్కో, ఎడిసన్ అమ్మానాన్నలకు చెబుతున్నాను.