కారు కూడా సరిహద్దు దాటాలి కదా

చిరంజీవులు పెద్దదానికీ, చిన్నోడికీ,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నిర్మల్‌లో నేనూ మీ నానమ్మా క్షేమం. మీరు పంపిన ప్లాను అందింది. మీ నానమ్మకు చదివి వినిపించాను. హైదరాబాద్ నుంచి ఖాట్మండుకు మ్యాపులో గీత గీశారు, కిలోమీటర్లు కూడారు, రోజుకు అయిదు వందల చొప్పున భాగించారు. నాలుగో రోజు సాయంత్రానికి పశుపతినాథుడి దర్శనం అని కింద రెండు గీతలు కూడా కొట్టారు. భాగహారం సరిగ్గానే ఉంది. కానీ ఎంత వెతికినా కారు ఊసే లేదు.

అదేమిటి, కారులోనే కదా వెళ్లేది అంటారా? ఉండండి, చెప్తాను.

నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. 1950లో రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది. గోరఖ్‌పూర్ దాటి వందకు కాస్త తక్కువ కిలోమీటర్లు వెళ్తే సునౌలీ వస్తుంది. అవతలి పక్క ఊరు బేలహియా. ఆ గేటు దగ్గర కాసేపు నిలబడితే మీకే తెలుస్తుంది, జనం సంచులు పట్టుకుని మన సంతకు వెళ్లొచ్చినంత మామూలుగా అటూ ఇటూ నడుస్తుంటారు. కారుకు ఆ మర్యాద లేదు. ఎందుకంటే మనిషి చుట్టం, కారు సరుకు. నేపాల్‌లో పెట్రోలు కారు దిగుమతి చేసుకుంటే పన్నులే కారు ధరను మించిపోతాయి. మన కారు షికారుకని లోపలికెళ్లి అక్కడే ఎవరికో అమ్ముడైపోయిందనుకోండి, వాళ్ల ఖజానాకు గండి. అందుకే కారు ఎన్ని రోజులుంటుందో ముందే రాయించుకుంటారు, రోజుకు ఇంత అని సుంకం కట్టించుకుని చీటీ ఇస్తారు, తిరిగి వెళ్లేటప్పుడు ఆ చీటీ చూసి వదులుతారు. ఎంత డబ్బు కట్టినా ఏడాదిలో 30 రోజులు మించి ఉంచనివ్వరు. ఈ పని చేసే ఆఫీసును అక్కడ భన్సార్ అంటారు. కస్టమ్స్‌కు నేపాలీ మాట అది. లారీ డ్రైవర్లయితే చీటీని కూడా భన్సార్ అనేస్తారు.

ఆ చీటీతో నాకు జరిగిన శాస్తి మీ నాన్న మీకెప్పుడూ చెప్పి ఉండడు, అతని పరువు కూడా అందులో ఉంది కాబట్టి. మీరు పుట్టకముందు వెళ్లాం. కౌంటర్లో ఎన్ని రోజులని అడిగితే నేను నాలుగు అన్నాను. మీ నాన్న అయిదు రాయిద్దాం అంటూనే ఉన్నాడు, ఒక్కరోజు సుంకం మిగులుతుందని నేను వినలేదు. తిరుగు ప్రయాణంలో కొండ మీది మట్టి జారి రోడ్డు మీద పడింది. పగలంతా వాహనాల వరుసలో కూర్చున్నాం. సరిహద్దుకు వచ్చేసరికి అయిదో రోజు. మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు జరిమానా కట్టాను. అదొక్కటే అయితే ఫరవాలేదు. చీటీ భద్రంగా ఉంటుందని మీ నాన్న దాన్ని తిండి సంచిలో, ఆవకాయ సీసా పక్కన పెట్టాడు. మూత వదులైంది. కౌంటర్లో చీటీ విప్పితే ముద్ర ఉన్నచోట ఎర్రటి నూనె మరక. కౌంటర్లో ఆఫీసరు దాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మీ నానమ్మ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

కాబట్టి ఎన్ని రోజులనుకుంటే దానికి రెండు కలిపి రాయించండి. చీటీకి ప్లాస్టిక్ కవరు పెట్టండి, అది పెద్దదాని బాధ్యత.

ఇక కాగితాలు. కారు ఆర్సీ అసలుది కావాలి, లైసెన్సు కూడా అసలుదే. మన ట్రాఫిక్ పోలీసుకు ఫోనులో డిజిలాకర్ చూపిస్తే చాలు, అక్కడ మాత్రం కాగితమే పెట్టాలి. అన్నిటికీ రెండేసి జెరాక్సులు తీయించండి. కారు మీ నాన్న పేరున ఉండి, ఆయనే నడుపుతున్నాడు కాబట్టి మనకు ఓ తలనొప్పి తప్పింది. ఇంకొకరి కారైతే వాళ్లు ఇచ్చిన అధికార పత్రం కూడా ఉండాలి.

మనుషుల కాగితాల్లో ఓ వింత ఉంది. మీ నాన్న, అమ్మ పాస్‌పోర్టో ఓటరు కార్డో చూపాలి. వాళ్ల ఆధార్ అక్కడ చెల్లదు. నాకు 65 దాటాయి కాబట్టి నా ఆధార్ చెల్లుతుంది. చిన్నోడికి 15 నిండలేదు, వాడి ఆధారూ చెల్లుతుంది. అంటే ఈ విషయంలో నేనూ చిన్నోడూ ఒక జట్టు. మధ్యలో చిక్కుకున్నది పెద్దది. పదహారేళ్లు, పాస్‌పోర్టు లేదు, ఓటు హక్కు లేదు. పదిహేను నుంచి పద్దెనిమిది లోపు వాళ్లు బడి ప్రిన్సిపాల్ దగ్గర గుర్తింపు ధ్రువపత్రం రాయించుకోవాలి, దానికో నమూనా ఉంది. సెలవులిచ్చాక ప్రిన్సిపాల్ దొరకరు. ఇప్పుడే అడుగు తల్లీ.

అందరూ మరిచిపోయేది బీమా. మన కారు పాలసీ మామూలుగా మన దేశంలోనే పనిచేస్తుంది. కొంచెం అదనపు ప్రీమియం కడితే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ లాంటి పొరుగు దేశాలకూ పొడిగిస్తారు. పాలసీ మీద ఆ మాట అచ్చేసి ఇస్తారు. ఏజెంటు ‘అక్కర్లేదు సార్, ఎవరూ అడగరు’ అంటాడు. నిజమే, గేటు దగ్గర ఎవరూ అడగరు. గుద్దేశాక అడుగుతారు.

రోజుల సంగతికి వద్దాం. కిలోమీటర్లన్నీ ఒకే బరువు ఉండవు. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ దాదాపు 500, ఒక్క పగలు చాలు. మధ్యలో మా ఊరు ఉంది, టిఫిన్ ఇక్కడే. నాగ్‌పూర్ దాటి సివనీ వైపు వెళ్తుంటే పెంచ్ అడవి దగ్గర రోడ్డును వంతెనల మీద పైకి లేపారు, కింద నుంచి పులులూ జింకలూ దాటుకుంటాయి. చిన్నోడు మెలకువగా ఉండాలి. ఆ పైన జబల్‌పూర్, రీవా, కాశీ. 1830లో, ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి పల్లకీలో వెళ్లింది ఈ దారినే. హైదరాబాదు, మా నిర్మల్, నాగపూరు, జబ్బల్‌పూరు అన్నీ తాకుతూ వెళ్లాడు. తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు. ఏ మజిలీలో నీళ్లున్నాయో, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయో రోజూ రాసుకున్నాడు. మీ ప్లానులో పెట్రోలు బంకు ఒక్కటీ లేదు, చూసుకోండి.

సునౌలీ నుంచి ఖాట్మండు 300 కిలోమీటర్లు కూడా ఉండదు. మీరు దానికి అయిదు గంటలు వేశారు. నారాయణ్‌ఘాట్ దాటాక ఒక పక్క కొండ, ఇంకో పక్క త్రిశూలి నది. ముందు లారీ పొగ, వెనక బస్సు హారన్. ఒక పగలంతా రాసుకోండి, అదీ రోడ్డు బాగుంటే. 2024 జూలైలో నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మధ్య రాత్రివేళ కొండచరియ విరిగిపడి రెండు బస్సులను నదిలోకి తోసేసింది. అరవై మందికి పైగా ఉన్నారు వాటిలో. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో వానలకు నేపాల్‌లో, ముఖ్యంగా ఖాట్మండు చుట్టుపక్కల, రెండు వందల మందికి పైగా పోయారు. దసరా సెలవులని మీరు సంబరపడుతున్నారు గానీ, దసరా ఏటా ఒకే తేదీకి రాదు. సెప్టెంబరు చివర్లో వస్తే అక్కడ వానలు ఇంకా వెళ్లిపోయి ఉండవు. అక్టోబరు మధ్యకు జరిగితే ఆకాశం తేటగా ఉంటుంది, మంచు కొండలు కనిపిస్తాయి. పైగా వాళ్లకూ అది పెద్ద పండగే, దశైన్ అంటారు. ఊరికెళ్లే జనంతో బస్సులూ రోడ్లూ కిటకిటలాడతాయి. అందుకని నా మాటగా నేపాల్‌లో మొదటి రాత్రి లుంబినీలో, రెండోది చిత్వన్‌లో ఆగుదాం. లుంబినీలో అశోకుడి స్తంభం చూపిస్తాను. బుద్ధుడు ఇక్కడ పుట్టాడని ఆయన చెక్కించిన అక్షరాలు దాని మీద ఇంకా ఉన్నాయి. చీకటి పడ్డాక కొండ రోడ్డు ఎక్కేది లేదు, మీ నాన్న ఎంత బతిమాలినా సరే.

చిన్నోడికి లెక్కల పని. మన వంద రూపాయలకు నేపాలీ రూపాయలు 160. 1993 నుంచి ఇదే రేటు. వాళ్లు మన డబ్బును ఐసీ అంటారు, తమ డబ్బును ఎన్‌సీ అంటారు. దుకాణంలో ధర చెప్పగానే ‘ఐసీనా, ఎన్‌సీనా’ అని అడగాలి. 800 అన్న స్వెటర్ ఎన్‌సీలో అయితే మనకు 500. అడగకుండా ఇచ్చేస్తే మూడొందలు పోయినట్టే. పెద్ద నోట్ల మీద అక్కడి నిబంధనలు చాలాసార్లు మారాయి కాబట్టి మీ నాన్నను బ్యాంకు నుంచి వంద నోట్ల కట్టలు తెమ్మను. గేటు దాటగానే గడియారం పావుగంట ముందుకు తిప్పుకోవాలి. ఫోను దానంతటదే మార్చుకుంటుంది, నా చేతి గడియారం మాత్రం నువ్వే తిప్పాలి.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ప్రిన్సిపాల్ ఏమన్నారో, బీమా ఆఫీసువాళ్లు ఎంత అడిగారో చెప్పండి. ఆవకాయ మీ నానమ్మ సిద్ధం చేసేసింది, ఈసారి స్టీలు డబ్బాలో. ఆ డబ్బా వెనక డిక్కీలో ఉంటుంది, చీటీ ముందు డ్యాష్‌బోర్డులో.

ఇట్లు,
మీ తాతయ్య