చిన్న మామ్మ చెంప నొప్పి

ఆమదాలవలస

పాపకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి మీరొచ్చినప్పుడు చిన్న మామ్మ అరిసె కొరికి, ఒక్కసారిగా చెంప పట్టుకుని కదలకుండా కూర్చుండిపోయింది. మీరు బెదిరిపోయారు. అదేమిటో మీకు తెలియాలని రాస్తున్నాను.

మెదడు నుంచి నేరుగా వచ్చే నరాలు 12 జతలు. వాటిలో అయిదోది ముఖం మీద ఏం తగిలినా మెదడుకి చేరవేస్తుంది. నుదుటికి, చెంపకి, దవడకి మూడు కొమ్మలుగా చీలుతుంది. మెదడు దగ్గర దాని మొదట్లో ఏదైనా ఒత్తితే, కరెంటు వైరు తొడుగు అరిగినట్టు పైపొర అరిగిపోతుంది. ఇక గాలి తగిలినా, పళ్లు తోముకున్నా షాకు కొట్టినట్టు నొప్పి. ఉండేది కొన్ని సెకన్లు, మహా అయితే రెండు నిమిషాలు. కానీ మళ్లీ ఎప్పుడొస్తుందోనని రోజంతా టెన్షనే. ఆటోలో మామ్మ చెంపకి కొంగు చుట్టుకునేది అందుకే. టీ కూడా చల్లార్చుకుని ఒక పక్క నుంచే తాగుతుంది.

చాలామందికి ఒత్తేది రక్తనాళం, కొద్దిమందికి కణితి. మామ్మది కణితి. మొదట్లో పంటి నొప్పే అనుకుని దవడ పన్ను పీకించారు. నొప్పి పోలేదు. ఇలా మంచి పళ్లు పోగొట్టుకునేవాళ్లు ఎందరో, తలచుకుంటే బాధేస్తుంది. తర్వాత పెదవి మొద్దుబారి, మెతుకు అంటుకున్నా తెలిసేది కాదు. అది గమనించే విశాఖపట్నం డాక్టరు ఎమ్మారై తీయించారు. కణితి అనగానే ఇంట్లో ఏడుపులు. ఆ నరం దగ్గర వచ్చే కణితుల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావర్రా, నెమ్మదిగా పెరుగుతాయి. వచ్చే నెల ఆపరేషన్. అందాకా కార్బమజెపైన్ మాత్రలు. మూర్ఛకి ఇచ్చేవీ ఇవే. మామూలు నొప్పి మాత్రలు దీనికి పనిచేయవు. ఈ కార్బమజెపైన్‌తో కాస్త మత్తుగా ఉంటుంది, డాక్టరు చెప్పకుండా ఆపకూడదు.

చిన్నోడా, కిరాణా కొట్టు మావయ్య కన్ను కొడుతున్నాడన్నావు. పాపం, ఆయన కొట్టడం లేదు. అది ఏడో నరం, ముఖాన్ని కదిలించేది. దాన్ని ఒత్తితే ఒక పక్క రెప్ప అదరడంతో మొదలై మూతి దాకా లాగుతుంది, నిద్రలోనూ ఆగదు. మనవాళ్లు కన్నదిరితే శకునం చూస్తారు. నిద్ర చాలక రెప్ప అదరడం మామూలే. నెలల తరబడి ఒకే పక్క లాగుతుంటే మాత్రం నరాల డాక్టరుకి చూపించాలి. ఆయనకి సూది మందు గురించి చెప్పాను, వెళ్తానన్నాడు.

మామ్మకి ఫోన్ చేసినప్పుడు మాట్లాడించకండి, పెదవి కదిపినా నొప్పి లేస్తోంది. మీరే స్కూలు కబుర్లు చెప్పండి, వింటుంది.

మీ తాతయ్య