సాయంత్రం ఏడు గంటల లెక్క

మల్కాజిగిరిలో మా మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలున్నాయి. మే నెల మధ్యాహ్నం వాటి ఇన్వర్టర్ తెర మీద రెండు కిలోవాట్లకు పైగా కనిపించే అంకె, సాయంత్రం ఆరున్నరకు వంద వాట్లకు దిగి, కాసేపటికి ఆరిపోతుంది. సరిగ్గా ఆ వేళకే వీధిలో అందరూ ఇళ్ళకు చేరి ఏసీలు వేస్తారు, మోటారు పెట్టి ట్యాంకు నింపుకుంటారు. దేశాన్ని బొగ్గు లేని కరెంటుకు మళ్ళించే ప్రణాళికలో అసలు చిక్కుముడి ఈ గంటలోనే ఉంది.

2070 నాటికి నికర శూన్య ఉద్గారాలకు, అంటే గాలిలోకి వదిలినంత కర్బనాన్ని తిరిగి తీసేసే స్థితికి, చేరతామని 2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో భారత్ ప్రకటించింది. 2030కి 5 లక్షల మెగావాట్ల శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) సామర్థ్యం అన్నది దారిలో మజిలీ. 2025లో స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. అయినా 2024-25లో దేశంలో తయారైన ప్రతి పది యూనిట్లలో ఏడింటికి పైగా బొగ్గు నుంచే వచ్చాయి. ఒక మెగావాట్ సోలార్ ఏడాది సగటున తన సామర్థ్యంలో అయిదో వంతో నాలుగో వంతో మాత్రమే ఇవ్వగలదు కనుక ఈ తేడా. అందుకే మెగావాట్లు చెప్పి గంటలు చెప్పని ప్రకటనలను నేను సగమే నమ్ముతాను.

కరెంటును వాడకంతో సమానంగా ఏ క్షణానికి ఆ క్షణం ఉత్పత్తి చేయాలి. తూకం తప్పితే 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు యాభై ఆవృత్తుల దగ్గర, నిలవాల్సిన ఫ్రీక్వెన్సీ చలిస్తుంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదికి దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలార్పినప్పుడు డిమాండు సుమారు 31,000 మెగావాట్లు పడిపోయి, మళ్ళీ అంత వేగంగానూ లేచింది. దేశమంతా అల్లుకున్న కరెంటు తీగల వల, అంటే గ్రిడ్, కూలకపోవడానికి ప్రధాన కారణం జలవిద్యుత్ కేంద్రాలు. నిమిషాల్లో తగ్గి, నిమిషాల్లో పుంజుకోవడం వాటికి చేతనైన పని. సూర్యుడు దిగే ప్రతి సాయంత్రమూ అలాంటి పనే, కాకపోతే నెమ్మదిగా, రోజూ చేయాలి.

మధ్యాహ్నపు మిగులు కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, రాత్రి కిందికి వదలడం ఇందుకు పాత ఉపాయం. ఎంత నీరు కావాలో మన వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకరుతో లెక్క కట్టవచ్చు. ఆ నీటిని వంద మీటర్లు, అంటే ముప్పై అంతస్తుల ఎత్తుకు ఎక్కించి వదిలితే, నష్టాలు పోను దక్కేది ఒక యూనిటుకు కాస్త పైన. ఒకటిన్నర టన్నుల ఏసీ గంట సేపు తిరిగితే అది అయిపోతుంది. అదే ఒక టీఎంసీ నీరు అంతే ఎత్తు నుంచి దిగితే సుమారు 70 లక్షల యూనిట్లు వస్తాయి. ఎక్కించడానికి అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది; వంద యూనిట్లు పెడితే తిరిగి వచ్చేవి ముప్పావు వంతు, మహా అయితే ఎనభై.

ఈ యంత్రాలు మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలో ఏడు, శ్రీశైలం ఎడమగట్టున ఆరు రివర్సిబుల్ టర్బైన్లు, అంటే కరెంటు తీయడానికీ నీటిని తిరిగి పైకి ఎక్కించడానికీ పనికొచ్చేవి, ఉన్నాయి. ఎడమగట్టువి ఒక్కొక్కటి 150 మెగావాట్లవి. అయితే కృష్ణ నీటికి సాగు, తాగునీటి వాటాలున్నాయి, రెండు రాష్ట్రాల పేచీ ఉంది. కరెంటు వాళ్ళు అడిగిన గంటకు ఆ నది కదలదు. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర చేపట్టిన 1,680 మెగావాట్ల పథకంలా నదికి దూరంగా రెండు జలాశయాలు కట్టి, ఒకసారి నింపిన నీటినే కిందికీ పైకీ తిప్పడం ఈ పేచీని చాలావరకు తప్పిస్తుంది.

నిల్వ కంటే చవకైన మార్గం వాడకాన్నే పగటికి జరపడం. తెలంగాణలో పాతిక లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్నాయి; 2018 జనవరి 1 నుంచి వాటికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేలా రైతులు బిగించుకున్న ఆటో స్టార్టర్లను, మోటార్లు రాత్రింబవళ్ళు ఆగకుండా తిరుగుతాయని, తీసేయమని అప్పుడు అధికారులు ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. అర్ధరాత్రి లేచి పాముల మధ్య పొలానికి వెళ్ళే బాధ తప్పించుకోవడానికి పెట్టుకున్న డబ్బా అది. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నిక్కమైన కరెంటు వస్తే దాని అవసరమే ఉండదు, పగటి కరెంటును నీటి తడిగా దాచుకునే చేనే ఒక విధంగా బ్యాటరీ అవుతుంది.

దూరపు లైన్లూ కొంత ఆదుకుంటాయి. 2013 డిసెంబరు 31న రాయచూర్-సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసింది. విశాఖలో పొద్దుగూకాక కచ్‌లో ముప్పావు గంటో, గంటో ఎండ ఉంటుంది. ఆ వెలుతురు ఇక్కడికి చేరేది తీగల మీదే.

అంతవరకు రాత్రి భారం బొగ్గుదే. బొగ్గు యూనిట్‌ను మధ్యాహ్నం ఆర్పి సాయంత్రం వెలిగించడం కుదరదు. ప్రస్తుత నిబంధనల ప్రకారం దాని సామర్థ్యంలో 55 శాతం దాకా మాత్రమే దించుతారు. రామగుండంలో జలాశయం మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. ఆ పక్కనే గట్టు మీద 2,600 మెగావాట్ల పాత కేంద్రం చీకటి పడే వేళ కోసం మంట తగ్గించి కాచుకుని ఉంటుంది.