ఫైనల్ ఫాంటసీ ఏ వరసలో ఆడాలి? కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక సందులో పదకొండేళ్లుగా గేమ్స్ సెంటర్ నడుపుతున్నాను. ఐదు టీవీలు క్రికెట్‌కి, ఫుట్‌బాల్‌కి, కార్ రేసులకి పోతాయి. మూలనున్న ఆరో టీవీని కథ ఉన్న ఆటల కోసమే ఉంచాను. యాభై గంటల ఆటకి మామూలు రేటు కట్టడం పిల్లల వల్ల కాదు కాబట్టి మధ్యాహ్నం పూట ఆ సీటు సగం రేటుకే ఇస్తాను. దాని పక్కన గీతల నోటుబుక్కు ఒకటి ఉంటుంది. పేరు, ఏ ఆట, సేవ్ ఎన్నో నంబరు, ఎన్ని గంటలైంది, ఎక్కడ ఆపాడు అన్నీ అందులో రాసుకుంటారు. ఇప్పుడు నాలుగో పుస్తకం నడుస్తోంది.

ఫైనల్ ఫాంటసీ అంటే ఒకే పేరుతో నంబర్లు వేసుకుని వచ్చే జపాన్ కథల ఆటల సిరీస్. ఆ పుస్తకాలు తిరగేస్తే దాన్ని మధ్యలో వదిలేసిన పేర్లు చాలానే కనిపిస్తాయి. వాళ్లలో ఎక్కువమందికి ఆ సిరీస్ నచ్చక కాదు, తమకి సరిపడని నంబరుతో మొదలుపెట్టి విసిగిపోయారు. అది చూసి బాధేసి ఇది రాస్తున్నాను.

అపోహ: ‘ఫైనల్’ అంటే ఆఖరిది. ముందు పార్టులు చూడకుండా ఆడితే తలా తోకా తెలియదు.

కొత్తగా వచ్చే ప్రతి కుర్రాడూ అడిగేది ఇదే. మొదటి ఆటే ‘ఫైనల్’ పేరుతో వచ్చింది, 1987 డిసెంబరు 18న, జపాన్‌లో, ఫామికామ్ అనే నింటెండో వాళ్ల గేమ్ మెషీన్ మీద. దాన్ని తయారుచేసిన హిరొనొబు సకగుచి ఇదే తన చివరి ఆట అనుకుని ఆ పేరు పెట్టాడని ఒక కథ బాగా తిరుగుతుంది. అప్పట్లో కంపెనీ కష్టాల్లో ఉన్న మాట నిజమే. పేరు సంగతి మాత్రం 2015లో క్యోటోలో జరిగిన ఒక సదస్సులో ఆయనే చెప్పాడు. పొట్టిగా ‘ఎఫ్ ఎఫ్’ అని పిలుచుకోవడానికి వీలుండాలన్నది వాళ్ల ఆలోచన. ముందు ‘ఫైటింగ్ ఫాంటసీ’ అనుకున్నారు, ఆ పేరు అప్పటికే వేరేవాళ్లది కావడంతో ‘ఫైనల్’ అని మార్చారు. కాబట్టి ఆ మాటని పట్టుకుని వరస వెతకొద్దు.

అపోహ: 1 నుంచి 16 దాకా నంబరు ప్రకారం ఆడాలి.

ఇది మంచి ఉద్దేశంతో చేసే తప్పు. నంబరు మారితే లోకం మారుతుంది, మనుషులు మారతారు, కథ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మా పైడితల్లమ్మ సిరిమాను చూసినవాళ్లకైతే ఒక్క ముక్కలో అర్థమైపోతుంది. ఏటా మాను కొత్తది, కొత్త చింతచెట్టు. అయినా మూడులాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా దారి అదే. ముందు నడిచే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తల వల అవే. పోయినేడాది రాలేకపోయినవాడికి ఈ ఏడాది ఉత్సవం అర్థం కాకుండా పోదు కదా. ఈ ఆటల్లోనూ అంతే. స్వారీ చేసే చోకోబో పక్షి, మూగుల్ అనే చిన్న జీవులు, సిడ్ అన్న పేరుతో ఎవరో ఒకరు, చాలావాటిలో స్ఫటికాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. కానీ ఈ సిడ్‌కీ ఆ సిడ్‌కీ చుట్టరికం లేదు.

నెల్లిమర్ల నుంచి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చేవాడు. ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి. 1 పూర్తిచేసి 2 మొదలుపెట్టాడు. 1988లో వచ్చిన 2లో మామూలు లెవెల్స్ ఉండవు. ఏ ఆయుధం వాడితే దానిలో నేర్పు పెరుగుతుంది, దెబ్బలు తింటే ప్రాణబలం పెరుగుతుంది. ఆలోచన గొప్పదే గానీ అలవాటు లేనివాడికి చిరాకు తెప్పిస్తుంది. నోటుబుక్కులో ‘2, సేవ్ 3, తొమ్మిది గంటలు’ అన్న దగ్గర అతని పేరు ఆగిపోయింది. ఆ తర్వాత మూల సీటు వైపు చూడలేదు. 6 అతనికి ప్రాణం పెట్టేంత నచ్చి ఉండేదని నా నమ్మకం. అక్కడిదాకా రాలేదు.

అపోహ: అయితే ఏదీ దేనికీ సంబంధం లేదు. ఎక్కడైనా దూకేయొచ్చు.

పై మాట సగం విని కొందరు ఇటు దొర్లిపోతారు. నంబర్ల మధ్య వరస లేదు గానీ ఒకే నంబరు లోపల ఉంది. 10 ఆడకుండా 10-2 ముట్టుకోకూడదు, అది అదే లోకంలో నడిచే తరువాయి కథ. 13కి మూడు ఆటలున్నాయి. 13, 13-2, లైట్నింగ్ రిటర్న్స్ అదే వరసలో ఆడాలి, లేదా ఆ కుటుంబం జోలికే వెళ్లొద్దు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది 7 దగ్గర. అసలు ఆట 1997లో ప్లేస్టేషన్ మీద మూడు సీడీల్లో వచ్చింది. 2007లో ‘క్రైసిస్ కోర్’ వచ్చింది, దాన్నే 2022లో కొత్త హంగులతో మళ్లీ తెచ్చారు. దాని కథ 7కి ఏడేళ్ల ముందు మొదలవుతుంది. అందుకని, ‘ముందు జరిగింది ముందు ఆడదాం’ అని చాలామంది దానితో మొదలుపెడతారు. అక్కడే మొదటికే మోసం వస్తుంది. 7లో హీరో క్లౌడ్ తన గతం గురించి చెప్పేది వింటూ మనం వెళ్తాం. వింటున్నకొద్దీ ఎక్కడో ఏదో అతకడం లేదని అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానమే ఆ ఆటకి ప్రాణం. క్రైసిస్ కోర్ ముందే ఆడినవాడికి అది మిగలదు. ఇంతకుమించి చెప్పను, ఇంకా ఆడనివాళ్లు ఇది చదువుతూ ఉండొచ్చు. విడుదలైన వరసలో ఆడండి, అంతే.

రీమేక్ విషయంలో కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. ‘పాతదాన్నే కొత్త గ్రాఫిక్స్‌తో తీశారు కదన్నా, పాతది ఎందుకు?’ అంటారు. 7ని మూడు భాగాలుగా మళ్లీ చెబుతామన్నారు. మొదటిది 2020 ఏప్రిల్‌లో, రెండోది రీబర్త్ 2024 ఫిబ్రవరి 29న వచ్చాయి. మొదటి భాగం మొత్తం మిడ్‌గార్ అనే ఒక్క నగరంలోనే నడుస్తుంది. పాత ఆటలో ఆ నగరం ఐదారు గంటల్లో అయిపోతుంది. పైగా రీమేక్ పాత కథని ఉన్నదున్నట్టు చెప్పదు. కొన్నిచోట్ల కావాలనే దారి తప్పుతుంది. పాతది తెలిసినవాడు ఆ క్షణంలో ఉలిక్కిపడతాడు, తెలియనివాడు ఇది మామూలే అనుకుని దాటిపోతాడు.

ఒక సాయంత్రం ఇంటర్ కుర్రాడొకడు పాత 7లో మిడ్‌గార్ దాటడం పక్కన నిలబడి చూశాను. అప్పటిదాకా అంతా ఇనుము, పొగ, నెత్తిమీద ఆకాశం బదులు పెద్ద ఇనప పలక. నగరం బయటికి అడుగు పెట్టగానే తెర మొత్తం పచ్చగా విచ్చుకుంది. అంత పెద్ద ఊరు వెనక్కి తిరిగి చూస్తే ఒక మూలన బొమ్మలా ఉంది. వాడు చేతిలో రిమోట్ ఒళ్లో పెట్టేసి, ‘ఏటన్నా, ఆట ఇప్పుడే మొదలైందేటి?’ అన్నాడు. పక్క టీవీల దగ్గర క్రికెట్ ఆడుతున్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. ఆ బొమ్మలు దిమ్మల్లా ఉంటాయి, చేతులకి వేళ్లుండవు, ఇంగ్లీషు అనువాదంలో తప్పులున్నాయి. అయినా అది ముందు ఆడమనే చెప్తాను.

అపోహ: కొత్తది ముందు. పాతవాటికి తర్వాత వెనక్కి వెళ్లొచ్చు.

వెనక్కి వెళ్లడం చాలా కష్టం. 16 దాదాపుగా యాక్షన్ ఆట, చేతివేగంతో నడుస్తుంది. దాన్ని ముగించి 4కో 6కో వస్తే, మెనూ తెరిచి ఆలోచించి దెబ్బ వేయడం నత్తనడకలా అనిపిస్తుంది. పాతవాటి నుంచి కొత్తవాటికి వస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఇంకో సంగతి, తల్లిదండ్రుల కోసం. ‘బావూ, మా గుంటడు దీని కోసం ఒకటే గోల, ఇవ్వొచ్చా?’ అని ఒకాయన 16 డిస్క్ పట్టుకొచ్చి అడిగారు. పిల్లాడు ఎనిమిదో తరగతి. వద్దని చెప్పాను. ప్రధాన వరసలో అమెరికాలో 17 ఏళ్లు దాటినవారికే అన్న రేటింగ్ పడ్డ మొదటి ఆట అది. రక్తం, బానిసత్వం, పడకగది సన్నివేశాలు అన్నీ ఉన్నాయి. ఆ పిల్లాడికి 9 ఇచ్చాను.

అపోహ: ఇంగ్లీషు బాగా రానివాళ్లకి ఇవి కావు.

దీని మీద ఎవరూ రాయరు. మా దగ్గర మాత్రం ఆట ఎంచుకోవడంలో మొదట చూడాల్సింది ఇదే. వీటిల్లో తెలుగు లేదు. కాబట్టి తెలుగు మీడియం పిల్లలకి ఆట ఎంత పాతది అనే దానికంటే అందులో ఇంగ్లీషు ఎలా ఉంది అన్నది ముఖ్యం. 12లో భాష పాత నాటకాల ఇంగ్లీషులా ఉంటుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలే తడబడతారు. పాత 6, 9 లాంటివాటిలో గొంతులు లేవు గానీ చాలాచోట్ల మనం బటన్ నొక్కేదాకా మాట తెర మీద ఆగి ఉంటుంది. డిక్షనరీ చూసుకునే టైముంటుంది. 2001లో వచ్చిన 10 ఈ సిరీస్‌లో పాత్రలు గొంతెత్తి మాట్లాడిన మొదటి ఆట. మాట వినిపిస్తుంది, కింద అక్షరాలూ పడతాయి.

10 మొదట్లోనే శిథిలాల మధ్య చలిమంట, దాని చుట్టూ మౌనంగా కూర్చున్న మనుషులు, నేలలో గుచ్చిన ఆయుధాలు. టీడస్ అనే కుర్రాడు లేచి, ఒక అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, గట్టు ఎక్కి తన కథ మొదలుపెడతాడు. ముప్పై గంటలు దాటాక ఆట మళ్లీ ఆ మంట దగ్గరికే వస్తుంది. అప్పటికి అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరూ మనవాళ్లు. టీడస్ తనకి ఏమీ తెలియని లోకంలో వచ్చి పడతాడు కాబట్టి అందరూ అతనికి అన్నీ విడమరిచి చెప్తారు, ఆ వంకన మనకీ తెలుస్తాయి. పోరాటంలో ఎవరి వంతు ఎప్పుడో తెర పక్కనే వరసగా కనబడుతుంది. ఎంతసేపు ఆలోచించినా శత్రువు ఆగుతాడు. దారి కూడా చాలావరకు ఒకటే, తప్పిపోయే టెన్షన్ లేదు. పీసీలో, పీఎస్4లో 10, 10-2 కలిపే దొరుకుతాయి. ముప్పావు వంతు మందికి నేను దీన్నే మొదట ఇస్తాను.

మిగతావి క్లుప్తంగా. పాత అమెరికన్ పెట్టెల మీద 2 అని ఉన్నది అసలు 4, 3 అని ఉన్నది అసలు 6. 2, 3, 5 అప్పట్లో అక్కడ విడుదల కాలేదు కాబట్టి నంబర్లు జరిపారు. పాత రాతల్లో ‘మూడోది అద్భుతం’ అని చదివితే ఏ మూడో చూసుకోండి. ఫోన్ తప్ప ఇంకేమీ లేనివాళ్లకి 1 నుంచి 6 దాకా పిక్సెల్ రీమాస్టర్లు, అంటే పాత ఆటలకే మెరుగులు దిద్దినవి, ఉన్నాయి, 7, 8, 9 కూడా ఫోన్లో దొరుకుతాయి. 6తోనో 9తోనో మొదలుపెట్టండి. 11, 14 ఆన్‌లైన్ ఆటలు. 14 కథ మాత్రం 2013 నాటి ఎ రియల్మ్ రీబార్న్ నుంచి వరసగా తప్ప ఆడలేం, అది వందల గంటల పని. మూల సీటు మీద అది నడవదు, ఇంట్లో ఆడుకోగలిగినవాళ్లకే.

ఈ లెక్కని వేరే సిరీస్‌లకి అతికించొద్దు. డ్రాగన్ క్వెస్ట్‌లో 3 కథ 1 కంటే ముందు జరుగుతుంది. అందుకే కొత్త రీమేకుల్లో 2024లో ముందు 3 తెచ్చి, 2025లో 1, 2 తెచ్చారు. విచర్ మూడూ ఒకే మనిషి కథ. స్కైరిమ్ మాత్రం అంతకుముందువి ఆడకుండానే హాయిగా ఆడొచ్చు.

నేను చెప్పే వరస ఇది. ముందు 10. నచ్చితే వెంటనే పాత 7. తర్వాత 6, 9లలో ఏదైనా. ఆ మూడూ అయ్యాక క్రైసిస్ కోర్, రీమేక్, రీబర్త్. 4, 5 ఎప్పుడు వీలైతే అప్పుడు. 12, 16 ఇంగ్లీషు, వయసు రెండూ సరిపోయాక. 1, 2, 3 ఈ సిరీస్ మీద ప్రేమ పుట్టాక, ఎక్కడ మొదలైందో చూడాలనిపించినప్పుడు.

10లో అల్ బెడ్ అనే జాతి వాళ్లు మాట్లాడే భాష మొదట్లో హీరోకీ అర్థం కాదు, మనకీ కాదు. దారిలో చిన్న పుస్తకాలు దొరుకుతాయి, మొత్తం 26. ఒక్కో పుస్తకంతో ఒక్కో అక్షరం విడిపోతుంది. చీపురుపల్లి నుంచి వచ్చే ఒక తెలుగు మీడియం కుర్రాడు మూడో నోటుబుక్కు చివరి పేజీలో రెండు వరసలు గీశాడు. ఎడమ వైపు అల్ బెడ్ అక్షరాలు, కుడి వైపు ఇంగ్లీషువి. పుస్తకం దొరికినప్పుడల్లా లేచొచ్చి ఒక గడి నింపేవాడు. దాని కిందే చిన్న అక్షరాలతో, ఆ రోజు ఆటలో విన్న కొత్త ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు రాసుకునేవాడు. ఇరవైరెండు గడులు నిండాయి. మిగతా నాలుగింటి కోసం పోయిన ఆదివారం మళ్లీ వచ్చాడు.