మెథడ్‌తో పాటు ఆబ్జెక్టునీ గుర్తుపెట్టుకునే డెలిగేట్

ప్రియమైన పిల్లలూ,

సీ షార్ప్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న మీలో చాలామందికి క్లాసులు, ఆబ్జెక్టులు, ఇన్‌హెరిటెన్స్ బాగానే ఎక్కాయి. డెలిగేట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మింగుడు పడటం లేదంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

పరీక్ష ఫలితాలు లెక్కకట్టే క్లాస్ ఒకటి రాశారనుకోండి. లెక్క అవగానే తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. ఆ పంపే పని కూడా అదే క్లాస్‌లో రాసేస్తే, రేపు వాట్సాప్ కావాలంటారు, ఎల్లుండి నోటీసు బోర్డుకి ప్రింట్ కావాలంటారు. ప్రతిసారీ లెక్కల కోడ్‌ని కెలకాల్సిందే. దానికి బదులు, లెక్క అయ్యాక ఏ మెథడ్‌ని, అంటే క్లాస్‌లో ఒక పని చేసే కోడ్ ముక్కని, పిలవాలో బయటివాళ్ళే చెప్పేలా ఒక చోటు ఖాళీగా ఉంచుతాం. ఆ ఖాళీలో కూర్చునేదే డెలిగేట్.

డెలిగేట్ కూడా ఒక టైపే. 'ఒక స్ట్రింగ్ తీసుకుంటుంది, ఏమీ తిరిగి ఇవ్వదు' అని ప్రకటిస్తే, అలాంటి మెథడ్ ఏ క్లాస్‌లో ఉన్నా సరిపోతుంది. పొసగనిదాన్ని కంపైలరే ఒప్పుకోదు. బ్రాకెట్లు మాత్రం జాగ్రత్త. పంపు అని పేరొక్కటే రాస్తే మెథడ్‌ని అప్పగించినట్టు. పంపు() అని రాస్తే అక్కడికక్కడే పిలిచేసినట్టు.

ఇక అసలు సంగతి. సీ భాషలో ఫంక్షన్ పాయింటర్ అంటే మెమరీలో ఆ ఫంక్షన్ ఉన్న చోటు అడ్రస్, అంతే. కానీ మామూలు మెథడ్‌కి 'ఏ ఆబ్జెక్టు తరఫున?' అన్న ప్రశ్న ఉంటుంది. ఒకే క్లాస్‌కి పదో తరగతి ఆబ్జెక్టు, ఇంటర్ ఆబ్జెక్టు అని రెండుంటే, మెథడ్ ఒకటే అయినా ఫలితం వేరు. అందుకే డెలిగేట్ తనలో మెథడ్‌నీ, ఆ ఆబ్జెక్టునీ రెంటినీ పట్టుకుని ఉంటుంది. ఏ ఆబ్జెక్టుకీ చెందని స్టాటిక్ మెథడ్‌ని అప్పగిస్తే ఆబ్జెక్టు చోట నల్, అంటే ఏమీ లేదన్న గుర్తు, ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతాదంతా తేలికే.

మెమరీ టెన్షన్ కూడా ఇక్కడినుంచే మొదలవుతుంది. డెలిగేట్‌కి మెథడ్‌ని తగిలించే గుర్తు +=, విడదీసేది -=. ఒక స్క్రీన్ తన మెథడ్‌ని += తో ఎక్కడో తగిలించింది, తర్వాత ఆ స్క్రీన్‌ని మూసేశారు. -= రాయలేదు. తగిలించిన చోటు బతికున్నంతకాలం ఆ స్క్రీన్ ఆబ్జెక్టు కూడా మెమరీలోనే ఉంటుంది. వాడకంలో లేని ఆబ్జెక్టుల్ని మెమరీ నుంచి తీసేసే గార్బేజ్ కలెక్టర్ దాన్ని ముట్టుకోదు, ఎందుకంటే డెలిగేట్ దాన్ని ఇంకా పట్టుకునే ఉంది.

+= తో ఎన్ని మెథడ్లైనా తగిలించొచ్చు. తగిలించిన వరుసలోనే నడుస్తాయి. మధ్యలో ఒకటి ఎక్సెప్షన్ విసిరితే తర్వాతవి నడవవు. అన్నీ విలువలు తిరిగి ఇచ్చేవైతే చివరిదాని విలువే చేతికొస్తుంది. అసలేమీ తగిలించకుండా పిలిస్తే ప్రోగ్రాం నల్ దగ్గర కూలిపోతుంది. అందుకని ?.ఇన్వోక్ అని పిలవడం అలవాటు చేసుకోండి, నల్ అయితే అది పిలవకుండా వదిలేస్తుంది.

సీ షార్ప్‌కి ముఖ్య రూపకర్త ఆండర్స్ హైల్స్‌బర్గ్ అంతకుముందు డెల్ఫీ అనే ప్రోగ్రామింగ్ సాధనాన్ని తీర్చిదిద్దారు. అందులోని మెథడ్ పాయింటర్లు కూడా కోడ్‌నీ ఆబ్జెక్టునీ జంటగానే మోసేవి. జావా భాష వాళ్ళు మొదట్లో ఈ పనికి ఇన్నర్ క్లాసులు, అంటే క్లాసు లోపల రాసే క్లాసులు, చాలన్నారు. 2014లో జావా 8తో వాళ్ళకీ మెథడ్‌ని పేరుతోనే అప్పగించే మెథడ్ రిఫరెన్సులు వచ్చాయి. నా మటుకు డెలిగేట్ దారే సూటిగా అనిపిస్తుంది.

ఇప్పుడు సొంత డెలిగేట్ టైపు ప్రకటించే అవసరం తక్కువే, ముందే సిద్ధంగా ఉన్న యాక్షన్, ఫంక్ అనే డెలిగేట్ టైపులు చాలావరకు సరిపోతాయి. ఈ ఆదివారం ఒకే క్లాస్‌కి రెండు ఆబ్జెక్టులు చేసి, ఒకే మెథడ్‌ని రెంటి నుంచీ రెండు డెలిగేట్లకు అప్పగించండి. రెంటి టార్గెట్‌నూ (డెలిగేట్ పట్టుకున్న ఆబ్జెక్టునూ), మెథడ్‌నూ పోల్చి చూసి, ఏది ఒకటే వచ్చిందో, ఏది వేరుగా వచ్చిందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు