తెల్లవారేదాకా నిలిచే తిమ్మిరి

ముంజేతి ఎముక విరిగి ప్లేటు వేయించుకున్నవారికి ఆపరేషన్ కన్నా ఆ రాత్రే ఎక్కువగా గుర్తుండిపోతుంది. పగలు చేతికి ఇచ్చిన మత్తు రాత్రి ఏ ఝామునో విడిపోతుంది, అంతవరకు అణిగి ఉన్న నొప్పి ఒక్కసారిగా విజృంభిస్తుంది.

మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయలుదేరే అయిదు నరాల మూలాలు కాలర్ బోన్ వెనుక జడలా అల్లుకుని చేతిలోకి దిగుతాయి. ఆ అల్లిక చుట్టూ మత్తుమందు చేరిస్తే, రోగి మెలకువగా ఉండగానే చేయి మొద్దుబారుతుంది. కాలర్ బోన్ పైనుంచి సూది దించే పద్ధతిని 1911లో జర్మన్ వైద్యుడు కూలెన్‌కాంఫ్ తన మీదనే ప్రయోగించి చూసుకున్నాడు. నేటి మత్తు వైద్యులకు అల్ట్రాసౌండ్ తెర మీద నరమూ సూదీ రెండూ కనిపిస్తాయి.

బ్యుపివకెయిన్ వంటి మందు నరాల పొరలోని సోడియం ద్వారాలను మూసి నొప్పి సంకేతాన్ని ఆపుతుంది, కానీ రక్తం దానిని క్రమంగా లాగేసుకుంటుంది. మోతాదు పెంచుదామంటే మూర్ఛలు రావచ్చు, గుండె లయ కూడా తప్పవచ్చు. అందుకే దానికి 4 నుంచి 8 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను తోడు చేయడం మొదలైంది. పరిశోధనలన్నిటినీ కలిపి 2017లో కోక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో, ఈ స్టెరాయిడ్ వల్ల తిమ్మిరి సగటున 6.7 గంటలు అదనంగా నిలిచినట్టు తేలింది.

అయితే అదే మందును నరం పక్కన కాకుండా మామూలుగా రక్తనాళంలోకి ఎక్కించినా దాదాపు 6 గంటల లాభం కనిపించింది. రెండింటినీ నేరుగా పోల్చిన పరీక్షలలో నరం పక్కన ఇచ్చినదానిది సుమారు 3 గంటల పైచేయి మాత్రమే. స్టెరాయిడ్ నరం మీదనే పనిచేస్తుందా, ఒళ్లంతటా వాపును తగ్గించి నొప్పిని అణుస్తుందా అన్న వాదన ఇంకా తెగలేదు. నరాల పక్కన వాడటానికి ఈ మందుకు ప్రత్యేక ఆమోదం లేదు, పైగా రోపివకెయిన్ అనే మరో మత్తుమందుతో కలిపితే సిరంజిలోనే స్ఫటికాలు ఏర్పడవచ్చు. ఈ చిక్కుల ముందు ఆ 3 గంటలు చాలామంది రోగుల విషయంలో పెద్ద లాభమేమీ కాదని, రక్తనాళపు దారే మేలని నా అభిప్రాయం. మధుమేహం ఉన్నవారికి ఏ దారిలో ఇచ్చినా రక్తంలో చక్కెర కొంత పెరుగుతుంది కనుక ఆ రోజంతా కనిపెట్టి ఉండాలి.

తిమ్మిరి ఎక్కువసేపు ఉండటంలోనూ ఒక ఇబ్బంది ఉంది. స్పర్శ తెలియని చేతికి వేడి తగిలినా, అది ఒంటి కింద నలిగినా రోగికి తెలియదు. ముంజేయి విరిగినప్పుడు కండరాలను చుట్టి ఉండే బిగువైన పొర లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంటుంది; దాని తొలి సూచన భరించరాని నొప్పే గనుక, వేళ్లు ఎప్పుడు కదులుతాయా అని సర్జన్ ఎదురుచూసే రోగికి ఈ స్టెరాయిడ్‌ను మత్తు డాక్టరు మానుకోవచ్చు.